యానిమేషన్ విద్యార్థులకు సిద్ధాంతం, పరిశోధన ఎందుకు అక్కరలేదు?

సంపాదకుల వారికి నమస్కారం.

యానిమేషన్, గేమింగ్ రంగాల కోసం తెలంగాణ ప్రభుత్వం 2016లో ప్రత్యేక విధానాన్ని తెచ్చింది. కేంద్ర ప్రభుత్వం 2022 బడ్జెట్‌లో టాస్క్‌ఫోర్స్‌ను ప్రకటించింది. అప్పటి నుంచి ఈ రంగం గురించి ఎక్కడ చర్చ జరిగినా ఉద్యోగాలు, సాఫ్ట్‌వేర్ నైపుణ్యాల మాటే వినిపిస్తోంది తప్ప, ఈ కోర్సుల్లో చేరిన పిల్లలు ఏం చదవాలి, దేన్ని ప్రశ్నించాలి అన్న విషయాన్ని పట్టించుకునేవారు కనిపించడం లేదు. హైదరాబాద్‌లో యానిమేషన్ బోధించే అధ్యాపకుడిగా ఆ లోటును మీ పాఠకుల దృష్టికి తేవాలనుకుంటున్నాను.

సిలబస్‌లో సిద్ధాంతం పేపరు ఉన్నచోట కూడా అది చాలావరకు డిస్నీ కళాకారులు ఇద్దరు 1981లో పుస్తకంగా వెలువరించిన పన్నెండు యానిమేషన్ సూత్రాలను బట్టీపట్టడంతో ముగుస్తోంది. బొమ్మను ఎలా కదిలించాలో ఆ సూత్రాలు చక్కగా నేర్పుతాయి, అందులో సందేహం లేదు. అయితే ఆ బొమ్మ అలాగే ఎందుకుండాలి అన్న ప్రశ్న వాటి పరిధిలోది కాదు. మా విద్యార్థుల స్టోరీబోర్డుల్లో (కథను షాట్‌ల వారీగా చూపే బొమ్మల వరుసల్లో) దుర్మార్గుడు తరచూ నల్లగా, లావు పెదవులతో ఉంటాడు. కథానాయికను పరిచయం చేసే షాట్‌లో కెమెరా పాదాల దగ్గర మొదలై నడుము దగ్గర ఆగి, ఆ తర్వాతే ముఖానికి చేరుతుంది. ఎందుకని అడిగితే ‘అలాగే బాగుంటుంది సార్’ అంటారు. వాళ్లలో దురుద్దేశమేమీ లేదు, చిన్నప్పటి నుంచి చూసిన సినిమాలే వాళ్ల చేత అలా గీయిస్తున్నాయి. కెమెరా చూపు ఎవరిదన్న ప్రశ్నను బ్రిటిష్ సినిమా సిద్ధాంతకర్త లారా మల్వీ 1975 నాటి వ్యాసంలో లేవనెత్తారు. ఆ వ్యాస సారాంశాన్ని వాళ్ల సొంత షాట్‌ల మీదే వివరించినప్పుడు, ఎవరూ చెప్పకుండానే స్టోరీబోర్డు మార్చుకున్న పిల్లలను నేను చూశాను. మన తోలుబొమ్మలాటలోని హాస్య పాత్రలైన బంగారక్క, కేతిగాడు ఎవరిని చూపి నవ్విస్తున్నారు, ఆ నవ్వు ఎవరిని నొప్పిస్తోంది అని కూడా ఇదే పద్ధతిలో అడగవచ్చు. విమర్శ సిద్ధాంతమంటే నా దృష్టిలో ఇలా అడగడం అలవాటు కావడమే.

పరిశోధన విషయంలో పరిస్థితి ఇంకా బాధాకరంగా ఉంది. తెలంగాణ సాయుధ పోరాట కాలం నాటి కథకు ఇంటర్నెట్‌లో దొరికిన కేరళ ఇంటి బొమ్మను చూసి పల్లెను గీసినవారున్నారు. ఊళ్లో పెద్దవాళ్లను అడిగితే గూన పెంకుల ఇల్లు ఎలా ఉండేదో, గొంగడి ఎలా కప్పుకునేవారో చెబుతారు. కానీ ఎవరిని అడగాలి, ఏమని అడగాలి, రికార్డు చేసే ముందు అనుమతి ఎలా తీసుకోవాలి, విన్నదాన్ని మరో ఆధారంతో ఎలా సరిచూసుకోవాలి అన్నవి తరగతిలో నేర్పితేనే వస్తాయి. జర్మనీలో లోటే రైనిగర్ కత్తిరించిన నీడబొమ్మలతో 1926లోనే పూర్తి నిడివి చిత్రం తీశారని మా పిల్లలు చదువుతారు. ఆంధ్రప్రదేశ్‌లోని నిమ్మలకుంటలో తోలుబొమ్మల కోసం మేకతోలును వెలుతురు దూరేంత పలచన చేసి, రంగులద్ది, భుజమూ మోచేయీ వేటికవి కదిలేలా దారంతో ముడివేసే కళాకారుల గురించి మాత్రం, వారిలో ఒకరైన దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చిన తర్వాత కూడా, చాలామందికి తెలియదు. కంప్యూటర్‌లో పాత్రకు కీళ్లు అమర్చే ‘రిగ్గింగ్’ నేర్చుకునేవారు ఆ ముడులను దగ్గరగా చూసి, కొలిచి, రాసుకుని రావడం కంటే మంచి పరిశోధనాభ్యాసం నాకు తోచడం లేదు.

స్టూడియోలకు వేగంగా పనిచేసేవారు కావాలని, ఇవన్నీ చెప్పడానికి సమయం లేదని అంటున్నారు. కానీ వేగం మీదే ఆధారపడిన రోటో (దృశ్యంలోని ఆకారాల అంచులను ఫ్రేము ఫ్రేముగా గీయడం), క్లీనప్ (ముతక గీతలను శుభ్రం చేయడం) వంటి పనులనే ఇప్పుడు యంత్రాలు చేజిక్కించుకుంటున్నాయి. పైగా ఇలాంటి చదువుకు సమయం కేటాయించాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు: బ్రిటన్‌లో కోల్డ్‌స్ట్రీమ్ కమిటీ 1960లోనే కళా విద్యలో సుమారు 15 శాతం కాలాన్ని కళా చరిత్రకూ అనుబంధ అధ్యయనాలకూ కేటాయించాలని సిఫారసు చేసింది.

అసలు అడ్డంకి భాష. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన పిల్లలు ఆలోచనలో ఎవరికీ తీసిపోరు, కానీ ఇంగ్లిష్ వ్యాసం మొదటి పేజీ దగ్గరే ఆగిపోతారు. ఉన్నత విద్యకు తెలుగులో పుస్తకాలు తేవడానికే 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ, యానిమేషన్ చరిత్ర, దృశ్య సిద్ధాంతం, పరిశోధన పద్ధతులపై ఒక పాఠ్యపుస్తకం తేవాలని కోరుతున్నాను. అలాగే చివరి సంవత్సరం విద్యార్థి తీసే చిత్రంతోపాటు ఒక పరిశోధన పత్రాన్ని విశ్వవిద్యాలయాలు తప్పనిసరి చేసి, దాన్ని తెలుగులో రాసే అవకాశం కల్పించి, చిత్రాన్ని పరీక్షించే జ్యూరీ ఇచ్చే మార్కుల్లో దానికి తగిన వాటా ఇవ్వాలని మనవి.

భవదీయుడు,
ఒక యానిమేషన్ అధ్యాపకుడు, హైదరాబాద్