ముహూర్తం ముహూర్తానికే, సరదా ఫొటోలకు మరో రోజు

సంపాదకుల వారికి నమస్కారం.

శ్రావణ మాసపు ముహూర్తాలు దగ్గరపడుతున్నందున, పెళ్ళి ఫొటోల విషయమై మన విజయవాడ, గుంటూరు ప్రాంతాల తల్లిదండ్రులకు, పెళ్ళి చేసుకోబోయే పిల్లలకు ఒక మాట విన్నవించాలని ఈ లేఖ రాస్తున్నాను. వధూవరులు నవ్వుతూ, పరుగెత్తుతూ, ఒకరినొకరు ఆటపట్టించుకుంటూ తీయించుకునే సరదా ఫొటోలను పెళ్ళి పందిట్లో కాక, పెళ్ళయిన తరువాత తీరికగా ఉన్న ఒక రోజున వేరుగా తీయించుకోవాలని, అందుకు మనస్ఫూర్తిగా ఒప్పుకునే ఫొటోగ్రాఫర్‌నే పెళ్ళికి కుదుర్చుకోవాలని నా అభిప్రాయం.

జీలకర్ర బెల్లం పెట్టే సమయానికి కల్యాణ మండపాల్లో ఏం జరుగుతున్నదో అందరూ చూస్తూనే ఉన్నారు. కెమెరాలు, లైట్లు పట్టుకున్న నలుగురైదుగురు వధూవరుల ముందు అడ్డుగా నిలబడితే, అక్షింతలు చేతపట్టుకుని ఊళ్ళ నుంచి వచ్చిన పెద్దవాళ్ళు వేదికను వదిలి పక్కనున్న ఎల్ఈడీ తెర వైపు చూడవలసి వస్తున్నది. మూడో ముడి పడిన తరువాత, ఎవరిదో చేయి అడ్డం వచ్చిందని, మళ్ళీ ముడి వేస్తున్నట్టు పట్టుకోమని ఫొటోగ్రాఫర్ వరుణ్ణి అడగడం నేను కళ్ళారా చూశాను. తలంబ్రాలు సహజంగానే ఆటగా సాగే ఘట్టం. దానికి కూడా "ఆగండి, ఇటు చూసి నెమ్మదిగా పోయండి" అని ఆజ్ఞలు మొదలయ్యేసరికి, పోటీపడి పోసుకుంటున్న ఆ ఇద్దరి ముఖాల్లోని నవ్వు నటనగా మారిపోతున్నది. హిందూ వివాహం ఆటపాటలకు, విందు వినోదాలకు పరిమితమైన కార్యక్రమం కాదని, శాస్త్రోక్తమైన విధులతో జరగవలసిన సంస్కారమని సుప్రీంకోర్టు 2024లో ఒక కేసులో స్పష్టం చేసింది. ముహూర్తపు వేళ కెమెరాను కొంచెం వెనక్కు జరపమని అడిగే హక్కు పెళ్ళివారికి ఉందని చెప్పడానికే ఆ మాట గుర్తుచేస్తున్నాను.

అలాగని నేను సరదా ఫొటోలకు వ్యతిరేకిని కాను. ఆట మన పెళ్ళికి కొత్త కాదు. ఐదు రోజుల పెళ్ళిళ్ళు జరిగిన కాలంలో పూలచెండ్లాట, వసంతాలు, బిందెలో ఉంగరం వెతకడం, పేర్లు చెబితే గాని కొత్త జంటను గుమ్మం దాటనివ్వకపోవడం, నాగవల్లిలో బొమ్మను ఉయ్యాలలో వేసి ఊపించడం వంటివి ఎన్నో ఉండేవి. ఇవన్నీ దాదాపు మాంగల్యధారణ తరువాత వచ్చేవే. అంతకు ముందు ఒకరినొకరు సరిగా చూసుకోని ఇద్దరి మధ్య బెరుకు పోగొట్టడానికి పెద్దలు ఏర్పరచిన ఆటలు అవి. పెళ్ళి ఒక్క పూటకు కుదించుకుపోయాక వాటికి సమయం లేకుండా పోయింది. పెళ్ళి తరువాత ఒక రోజు కేటాయించి తీయించుకునే ఫొటోలు ఆ లోటును తీర్చగలవని నేను నిజంగా నమ్ముతున్నాను. పెళ్ళికి ముందే జంటగా తిరిగి ఫొటోలు దిగడానికి ఇబ్బందిపడే కుటుంబాలు ఇప్పటికీ మన వైపు చాలా ఉన్నాయి; వారికి కూడా ఈ పద్ధతిలో అభ్యంతరం ఉండదు. పైగా నెల రోజులు కలిసి కాపురం చేసిన జంట ముఖంలో ఉండే చనువు, నిద్ర లేక అలసిపోయిన పెళ్ళిరాత్రి ముఖంలో ఎంత మేకప్ వేసినా రాదు.

ఎప్పుడు తీయించుకోవాలన్నది కూడా ఆలోచించవలసిన విషయమే. వైశాఖ, జ్యేష్ఠ మాసాల్లో పెళ్ళయితే మన ఎండలకు బయట నిలబడడమే కష్టం, ఆ వెంటనే వచ్చే ఆషాఢంలో అమ్మాయి పుట్టింట ఉంటుంది. కొత్త అల్లుడు దీపావళికో సంక్రాంతికో అత్తవారింటికి వచ్చినప్పుడు తీయిస్తే వాతావరణం చల్లగా ఉంటుంది, బావను ఆటపట్టించడానికి మరదళ్ళు, బావమరదులు ఇంటినిండా ఉంటారు, ఉదయపు ఎండ మెత్తగా పడుతుంది. భవానీ ద్వీపం, కొండపల్లి కోట, కొండవీడు ఘాట్ రోడ్డు, సూర్యలంక తీరం అందరికీ తెలిసిన చోట్లే. ఉండవల్లి గుహలు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నందున అక్కడ ట్రైపాడ్లు, లైట్లు పెట్టి తీయాలంటే ముందుగా అనుమతి పొందాలి. గుంటూరు చుట్టుపక్కల మిరప కల్లాల ఎరుపు కెమెరాకు ఎంతో అందంగా ఉంటుంది. కానీ అది ఇంకా అమ్మవలసిన పంట, తినే వస్తువు కనుక రైతును అడగకుండా అందులో అడుగు పెట్టకూడదు. నన్నడిగితే అమ్మమ్మగారి పెరడు, తాతగారి అరుగు వీటన్నిటికంటే మంచివి. పాతికేళ్ళ తరువాత ఆ ఇల్లు ఉండకపోవచ్చు, ఫొటో ఉంటుంది.

నీటి విషయంలో మాత్రం గట్టిగా హెచ్చరించక తప్పదు. పెళ్ళి గౌనును తడిపి, మట్టిలో పొర్లించి ఫొటోలు తీసే పద్ధతి కొన్ని పాశ్చాత్య దేశాల్లో ఉంది. 2012 ఆగస్టులో కెనడాలోని క్యుబెక్ రాష్ట్రంలో ఒక నవవధువు అలా నదిలో ఫొటోలు దిగుతుండగా, తడిసి బరువెక్కిన గౌను లాగివేయడంతో మునిగి మరణించింది. నీటిలో నానిన పట్టుచీర, కుచ్చిళ్ళు కాళ్ళకు చుట్టుకుంటే మన పిల్లలకైనా అదే ప్రమాదం. శ్రావణ, భాద్రపదాల్లో కృష్ణకు వరద వచ్చే కాలం. ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తినప్పుడు దిగువన ప్రవాహం వేగంగా పెరుగుతుంది. మోకాళ్ళ లోతు దాటి దిగమనే ఫొటోగ్రాఫర్ మాట వినవద్దు.

ఇక ఫొటోగ్రాఫర్ ఎంపిక. వేర్వేరు పెళ్ళిళ్ళ నుంచి ఏరి కూర్చిన అందమైన ముప్పై ఫొటోలు చూసి అడ్వాన్సు ఇవ్వడం మన దగ్గర అలవాటైపోయింది. ఒకే పెళ్ళిని మొదటి నుంచి చివరి వరకు చూపించమని అడగాలి, అది కూడా అర్ధరాత్రి ముహూర్తం జరిగిన పెళ్ళి అయితే మంచిది. తక్కువ వెలుతురులో, పొగలో, జనం మధ్య పని చేయగలడా లేదా అన్నది అక్కడే తేలుతుంది. పెళ్ళికూతురి ఛాయ ఆమె ఛాయలాగే ఉందా, లేక తెల్లగా మార్చేశాడా అన్నది నేను ప్రత్యేకంగా చూడమంటాను. చామనఛాయ అమ్మాయిని ఆమె పెళ్ళి ఆల్బమ్‌లోనే గుర్తుపట్టలేకుండా చేయడం ఆమెకు చేసే అవమానం. స్టూడియో యజమాని మాట్లాడి, పెళ్ళికి మరెవరినో పంపడం జరుగుతుంటుంది కనుక వచ్చేది ఎవరో ముందే తెలుసుకోవాలి. ఆ వచ్చేవారిని ఒకసారి పురోహితుడితో మాట్లాడించాలి. కుటుంబాన్ని బట్టి తంతు వరుస మారుతుంది కనుక, ఏది ఎప్పుడు వస్తుందో తెలిసినవాడు అడ్డుపడకుండానే తీయగలడు. సరదా ఫొటోల విషయంలోనైతే భంగిమలు చెప్పే మనిషికంటే, ఇద్దరికీ ఏదో ఒక ఆట అప్పగించి పక్కకు తప్పుకునే మనిషి మేలు.

మాట్లాడుకున్నవన్నీ కాగితం మీద ఉండాలి: ఎన్ని గంటలు, ఎంతమంది, ఆల్బమ్‌లో ఎన్ని షీట్లు, ఎన్నాళ్ళలో ఇస్తారు, పెళ్ళి తరువాత మరో రోజున తీసే సరదా ఫొటోల ఖర్చు ఈ మొత్తంలోనే ఉందా, వర్షం వస్తే ఏమిటి, ఫొటోలు రెండు చోట్ల భద్రపరుస్తారా. కాపీరైట్ చట్టం, 1957లోని 17వ సెక్షన్ ప్రకారం, డబ్బు చెల్లించి తీయించుకున్న ఫొటోలకు, వేరే ఒప్పందం లేనంతవరకు, తీయించుకున్నవారే మొదటి హక్కుదారులు. అందువల్ల మన అనుమతి లేకుండా ఇన్‌స్టాగ్రామ్‌లో ప్రచారానికి పెట్టకూడదన్న షరతు రాయించుకోవడంలో మొహమాటం అక్కర్లేదు. డ్రోన్ వాడతామంటే 2021 డ్రోన్ నిబంధనల గురించి అడగాలి. గన్నవరం విమానాశ్రయానికి 8 కిలోమీటర్ల లోపల ఉండే ఫంక్షన్ హాళ్ళలో అనుమతి లేకుండా ఎగరవేయడానికి వీల్లేదు. మాట తప్పితే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, 1915 సహాయ సంఖ్య ఉంది.

మన వైపు నుంచి కూడా ఒక లోపం దిద్దుకోవాలి. సాయంత్రం నుంచి తెల్లవారే వరకు నిలబడి పనిచేసే ఆ కుర్రవాళ్ళను భోజనానికి పిలిచేవారే ఉండరు. వారిని రెండో బంతిలోనైనా కూర్చోబెట్టి వడ్డించే బాధ్యతను ఇంట్లో ఒకరికి అప్పగించాలి.

వేదిక ముందు కెమెరాలు దాటకూడని గీత ఒకటి గీయించి, బుకింగ్ సమయంలోనే ఆ నియమాన్ని పెళ్ళివారికి చెప్పవలసిందిగా కల్యాణ మండపాల యాజమాన్యాలను కోరుతున్నాను. ఫొటోగ్రాఫర్‌తో రాసుకోవలసిన ఒప్పంద పత్రం నమూనాను న్యాయవాదుల సలహాతో తయారు చేయించి, శ్రావణ ముహూర్తాలు మొదలయ్యేలోగా మీ పత్రికలో ప్రచురించవలసిందిగా మిమ్మల్ని ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
బ్రాడీపేట, గుంటూరు.