ఆ ఎర్రటి పుట్టగొడుగు కూరకు పనికిరాదు

సంపాదక మహాశయా,

గత ఆదివారం మీ అనుబంధంలో వానాకాలపు పుట్టగొడుగుల కూరల గురించి వచ్చిన వ్యాసం బాగుంది. నా అభ్యంతరమల్లా దాని పక్కన వేసిన బొమ్మ మీదనే. ఎర్రటి గొడుగు మీద తెల్లటి చుక్కలతో పిల్లల కథల పుస్తకాల్లో కనిపించే ఆ శిలీంధ్రం పేరు అమానిటా మస్కారియా. అది విషపూరితం. మన ఊళ్లలో చెదపుట్టల మీద మొలిచేదానికీ దీనికీ సంబంధం లేదు.

చల్లటి ఉత్తరాది దేశాల అడవుల్లో బర్చ్, పైన్ చెట్ల వేళ్లతో పొత్తు పెట్టుకుని బతికే ఈ శిలీంధ్రం, పైన్ మొక్కలను నాటిన చోటికల్లా వాటి వేళ్లతో పాటు ప్రయాణించి, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికాలకూ చేరింది. నీలగిరుల పైన్ తోటల్లోనూ ఉంది. సెలవు దొరికితే ఊటీ బాట పట్టే మా బెంగళూరు వాళ్లకు ఇది కంటబడే అవకాశం ఉంది కనుక, దీని ఆనవాళ్లు కొంత వివరంగా చెబుతాను.

మొలిచేటప్పుడు ఇది తెల్లటి పొర కప్పిన గుడ్డులా ఉంటుంది. పెరిగేకొద్దీ ఆ పొర చిట్లి, దాని తునకలు గొడుగు మీద అంటుకుని మిగులుతాయి. మనం చుక్కలనుకునేవి అవే. అందుకే ఒక గట్టి వాన కురిస్తే అవి కడుక్కుపోయి, 8 నుంచి 20 సెంటీమీటర్ల వెడల్పున్న గొడుగు ఎర్రగానో, వెలిసిన నారింజ రంగులోనో నున్నగా మిగులుతుంది. చుక్కలు లేవు కదా అని చేయి వేసేది ఇక్కడే. గొడుగు కింద కాడను తాకని తెల్లటి మొప్పలు (గొడుగు అడుగున ఉండే పలుచటి రేకులు), కాడ పైభాగాన పావడా అంచులా వేలాడే పొర, అడుగున ఉబ్బిన దుంప, దాని చుట్టూ వరుసలు తీరిన పొలుసులు ఉంటాయి. కాడను పైకి విరిచేస్తే ఈ చివరి గుర్తు మట్టిలోనే ఉండిపోతుంది. మన పుట్టగొడుగుకైతే కాడ వేరులా సాగి చెదల గూటిదాకా దిగుతుంది. దాని మొప్పలు ముదిరేకొద్దీ గులాబీ ఛాయకు తిరుగుతాయి.

ఆ ఎరుపుకు కారణమైన వర్ణకాలు బీట్‌రూట్‌కు రంగునిచ్చే బీటలైన్ల కుటుంబానివే. (ఈ సంగతి ఇంట్లో చెప్పినప్పటి నుంచి మా మనవరాలు బీట్‌రూట్ ముట్టడం లేదు.) యూరప్‌లో దీన్ని పాలలో చిదిపి ఈగలను చంపడానికి వాడేవారు, 1753లో లిన్నేయస్ పెట్టిన పేరులోని ‘మస్కారియా’ లాటిన్‌లో ఈగను సూచించే మాట నుంచి వచ్చినదే. తిన్నవారికి సాధారణంగా అరగంట నుంచి రెండు గంటలలోపు వాంతులు, మత్తు, మతిభ్రమణ కలుగుతాయి. మరణాలు అరుదు.

అలాగని రంగుగలదే విషం, రంగులేనిదంతా మంచిది అనుకోవడానికీ లేదు. ఇదే ప్రజాతికి చెందిన అమానిటా ఫాలాయిడిస్ వెలసిన ఆకుపచ్చ రంగులో సాదాగా ఉంటుంది. దాని లక్షణాలు ఆరు గంటలు దాటాకగానీ బయటపడవు. అప్పటికే కాలేయం దెబ్బతినడం మొదలవుతుంది. ఉడికించినా ఆ విషం పోదు. కూరలో వెండి నాణెం వేసి నల్లబడిందా లేదా అని చూసే పరీక్ష దీన్ని పట్టుకోలేదు.

కావున వచ్చే ఆదివారం అదే పేజీలో, పాఠకుల కంటబడేంత పెద్ద అక్షరాలతో, బొమ్మ పొరపాటున పడిందని ప్రకటించి, దాని స్థానంలో అసలైన పుట్టగొడుగు బొమ్మ వేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాత పాఠకుడు,
మల్లేశ్వరం, బెంగళూరు