దీపాల చుట్టూ వలయాలు కనిపిస్తే స్క్రబ్బర్‌ను చూడండి

సంపాదకులకు,

బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్ట్ దిగి బండి మీద వెళ్లే కార్మికుడికి వీధి దీపాల చుట్టూ వలయాలు, కళ్ల ముందు నీలి మసక కనిపిస్తే నిద్ర చాలకేమో అనుకుంటారు. మందుల తయారీలో వాడే ట్రైఇథైలమీన్ అనే అమీన్ ద్రవపు ఆవిరికి కార్నియాలో (కంటి ముందు పారదర్శక పొర) నీరు చేరినా అలాగే ఉంటుంది. మామూలుగా కొన్ని గంటల్లో సర్దుకుంటుంది కాబట్టి ఫిర్యాదు దాకా రాదు. ఆ చూపుతో బండి నడపడమే ప్రాణాపాయం.

యాసిడ్ క్లోరైడ్ రియాక్షన్లలో పుట్టే హెచ్‌సీఎల్ (హైడ్రోజన్ క్లోరైడ్) ఆమ్లాన్ని పట్టడానికి ఈ అమీన్‌ను వాడతారు. ఫ్లాష్ పాయింట్ (నిప్పు తగిలితే ఆవిరి అంటుకునే కనీస ఉష్ణోగ్రత) సున్నా డిగ్రీల కంటే తక్కువ. ఆవిరి గాలి కంటే మూడున్నర రెట్లు బరువు, నేలబారుగా పాకుతుంది. స్టాటిక్ నిప్పురవ్వ పుట్టకుండా డ్రమ్ము వంచే ముందు ఎర్తింగ్ తప్పదు.

అసలు చిక్కు వాడిన అమీన్‌ను తిరిగి రాబట్టే రికవరీలో. ఉప్పుగా మారిన అమీన్‌ను విడిపించడానికి పోసే కాస్టిక్ లై (కాస్టిక్ సోడా ద్రావణం) గబగబా పడితే రియాక్టర్ వేడెక్కి ఆవిరి ఒక్కసారిగా లేస్తుంది. సరిగ్గా అప్పుడే పీహెచ్ చూడాలని రియాక్టర్ మ్యాన్‌హోల్ తెరుస్తారు. రియాక్టర్ చుట్టూ ఉండే జాకెట్‌లో చల్లటి నీరు తిప్పుతూ, 30 డిగ్రీలు దాటకుండా సన్నగా పోయాలి. శాంపిల్ మూసిన లైనులోంచే తీయాలి.

ఆవిరి బయటికి పోయే వెంట్‌ను కాస్టిక్ స్క్రబ్బర్‌కు (ఆవిరిని ద్రావణంతో కడిగి పట్టే పరికరం) కలపడం పెద్ద తప్పు. అమీనూ క్షారమే, కాస్టిక్ దాన్ని పట్టదు. పలుచని సల్ఫ్యూరిక్ యాసిడ్ స్క్రబ్బర్ విడిగా ఉండాలి, పీహెచ్ పెరిగేకొద్దీ యాసిడ్ వేస్తుండాలి. ఉత్త నీళ్లను నమ్ముకోలేం: దాదాపు 19 డిగ్రీలు దాటితే ఈ అమీన్ నీటిలో పూర్తిగా కలవదు, మన దగ్గర నీళ్లు అంత చల్లగా ఉండేదెప్పుడు? హెచ్‌సీఎల్ వెంట్‌తో ఒకే హెడర్‌లో (ఉమ్మడి పైపు) కలిపితే తెల్లని ఉప్పు గడ్డకట్టి లైను మూసుకుపోతుంది, రియాక్టర్‌లో ప్రెషర్ పెరుగుతుంది.

ఎల్ఈఎల్ డిటెక్టర్ (ఆవిరి అంటుకునే హద్దుకు చేరకముందే హెచ్చరించేది) ఉంది కదా అని ధీమా పడకూడదు. ఈ ఆవిరి అంటుకునే కనీస హద్దు 1.2 శాతం. అందులో పదో వంతుకు అలారం పెట్టినా అది 1,200 పీపీఎం (గాలిలో పది లక్షల వంతుల్లో 1,200). అమెరికా పారిశ్రామిక ఆరోగ్య నిపుణుల సంస్థ ఏసీజీఐహెచ్ 8 గంటల పనికి సూచించే హద్దు 0.5 పీపీఎం. కాబట్టి పీపీఎంలో కొలిచే పరికరం వేరే కావాలి. సగం ముఖానికే వచ్చే మాస్కు కళ్లను కాపాడదు, ఫుల్ ఫేస్ మాస్కు ఇవ్వాలి.

తనిఖీకి వచ్చే ఫ్యాక్టరీల శాఖ అధికారులు రికార్డులతో ఆగకుండా అమీన్ వెంట్ ఏ స్క్రబ్బర్‌లోకి పోతోందో పైపు వెంట నడిచి చూడాలని, కార్మికుల చూపు గురించి షిఫ్ట్ దిగాక అడగాలని కోరుతున్నాను.

– ఒక ప్రాసెస్ సేఫ్టీ ఇంజినీరు, సంగారెడ్డి జిల్లా