గుప్తోష్ణం కుండలోనే ఉంది

సంపాదకులకు నమస్కారం.

హైస్కూల్లో చదివే మా మనవరాలు మొన్న ‘బాష్పీభవన గుప్తోష్ణం’ నిర్వచనం బట్టీ పడుతోంది. అర్థమేమిటే అంటే, “ఏమో తాతయ్యా, రెండు మార్కులది” అంది. వంటింటి మూలన ఇసుకలో కూర్చోబెట్టిన కుండ దగ్గరికి తీసుకెళ్లి, దాని పొట్ట మీద చెయ్యి పెట్టమన్నాను. తడి తగిలింది.

కుండకు సన్నని రంధ్రాలుంటాయి. వాటిలోంచి ఊరిన నీరు ఆవిరవుతుంది. ఆవిరి కావాలంటే వేడి కావాలి, అందులో చాలావరకు లోపలి నీళ్ల నుంచే లాక్కుంటుంది. ఒక గ్రాము నీరు పోతూ పోతూ దాదాపు 580 క్యాలరీలు పట్టుకెళ్తుంది. బాష్పీభవన గుప్తోష్ణం అంటే ఈ వేడే. బయటి వేడి లోపలికి రాకపోతే, లీటరు నీళ్లు 10 డిగ్రీలు చల్లబడటానికి 17 గ్రాములు ఆవిరైతే చాలు. అంటే మూడు నాలుగు చెంచాలు! స్టీలు బిందెకు ఊట లేదు, ఆ చల్లదనమూ లేదు.

“మరి విశాఖలో అత్తావాళ్లింట్లో కూలర్ పెట్టినా ఉక్కపోతే కదా?” అంది వెంటనే. ఆ ప్రశ్నకే నేను మురిసిపోయాను. కూలర్ కూడా కుండలాగే నీటిని ఆవిరి చేసి చల్లబరుస్తుంది. కానీ సముద్రపు గాలిలో అప్పటికే తేమ ఎక్కువ, కొత్త ఆవిరి తొందరగా కలవదు. మా అనంతపురం పొడిగాలికి కూలర్ బాగా పనిచేస్తుంది.

పారిభాషిక పదాలు వద్దనను. కానీ ముందు కుండ, తర్వాత మాట. మీ విద్యార్థుల పేజీలో మోడల్ పేపర్ల పక్కన వారానికి ఒక్క భౌతికశాస్త్ర విషయాన్నైనా ఇలా ఇంటి భాషలో వేయగలరా?

– ఒక పాఠకుడు, అనంతపురం