సరస్సు బొమ్మలను దయచేసి ఇంట్లో దిద్దకండి

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

శనివారం నాటి చిత్రప్రదర్శన గురించి మీ వాట్సాప్ గ్రూపులలో సాగుతున్న చర్చ నా దాకా వచ్చింది. తొమ్మిదో తరగతి పిల్లలను అంత దూరం కొండల్లోకి తీసుకువెళ్ళి, సరస్సు దగ్గర ఒక్క ఫోటో కూడా తీయనివ్వకుండా, తిరిగివచ్చిన పది రోజులకు జ్ఞాపకం మీద నీటిరంగులతో వేయమనడం ఏమిటని కొందరు, నీళ్ళు నీలంగా ఉండక పాలు కలిపినట్టు ఎందుకున్నాయని మరికొందరు అడిగారు. ఫోన్లు బస్సులోనే వదలమన్నది నేనే కనుక జవాబు కూడా నేనే చెప్పాలి.



నీళ్ళ రంగు విషయంలో పిల్లలు వేసిందే నిజం. హిమానీనదం, అంటే కొండ మీద మెల్లగా జారే మంచు నది, కదిలేటప్పుడు తన అడుగునున్న రాతిని మెత్తని పిండిగా నూరుతుంది. కరిగిన నీటితో సరస్సులో చేరిన ఆ పిండి త్వరగా అడుగుకు దిగక, నీటిలోనే తేలుతూ వెలుగును చెదరగొడుతుంది. ఎరుపును నీరే పీల్చుకుంటుంది కనుక మన కంటికి చేరేది ఆ పాలవన్నె నీలి ఆకుపచ్చే. ఇది మేము ముందుగా చెప్పిన పాఠం కాదు, ఇరవై నిమిషాలు ఉత్త చేతులతో గట్టున కూర్చుని వాళ్ళు చూసినది.

ఒక అమ్మాయి బొమ్మ దగ్గర నేను చాలాసేపు నిలబడిపోయాను. కొండ నల్లగా ఉంది, నీటిలో దాని నీడ మాత్రం అంత నల్లగా లేదు, సరస్సు రంగు అందులో కలిసి కాస్త తేలికపడింది. అడిగితే "అక్కడ అలాగే ఉంది మేడమ్" అన్నది. శిఖరం మీది మంచుకు ఆమె ఏ రంగూ వేయలేదు, కాగితాన్ని అలాగే వదిలేసింది. మరో అబ్బాయి, తడి ఆరితే రంగు వెలిసినట్టవుతుందని గుర్తుంచుకుని, ప్రతి రంగునూ పక్క కాగితం మీద ఆరబెట్టి చూసుకున్నాకే బొమ్మ మీద కుంచె పెట్టాడు. పద్నాలుగేళ్ళ పిల్లవాడికి అంత ఓపిక!

జ్ఞాపకం మీద వేయించడం నా పిచ్చి అని మీలో కొందరు అనుకుంటున్నారని తెలుసు. 19వ శతాబ్దంలో పారిస్‌లో లెకోక్ ద బ్వాబోద్రాన్ అనే చిత్రలేఖనం మాస్టారు వస్తువును బాగా చూపించి, తరువాత అది ఎదురుగా లేకుండానే గీయించేవారు. శిల్పి రోదాన్ ఆయన శిష్యుడే. స్విట్జర్లాండ్‌లో లుసెర్న్ సరస్సు ఒడ్డునున్న రిగి పర్వతాన్ని ఇంగ్లండ్ చిత్రకారుడు టర్నర్ నీటిరంగులలో పూర్తిచేసినది 1842లో, అక్కడ గీసుకున్న చిన్న చిత్తు చిత్రాలతో, ఇంటికి తిరిగివచ్చిన తరువాత. ఫోటో ఎదుట ఉంటే పిల్లవాడు అంచుల్ని లెక్కపెడతాడు. లేనప్పుడు, తనకు ఏది పట్టిందో ఏది పట్టలేదో తేల్చుకోక తప్పదు, మరచిపోయిన మూడు బండల గురించి బెంగపడకుండా తడి కాగితం మీద మబ్బును పరుచుకోనిస్తాడు.

ఇక, ఎంతో శ్రద్ధతో చేసినదే కనుక నొప్పించకుండా చెప్పాలని చూస్తున్నాను. ఆదివారం ఇంటికి పంపిన బొమ్మలలో మూడు సోమవారం వేరే బొమ్మలై తిరిగివచ్చాయి. నీరు ముదురు నీలమైంది, ఖాళీగా వదిలిన మంచు మీద తెల్ల పోస్టర్ రంగు మందంగా ఎక్కింది, ఒకదానిలో ఎవరూ చూడని పడవ కూడా వచ్చింది. ఇంటర్నెట్‌లో ఏదో సరస్సు ఫోటో వెతికి పక్కన పెట్టుకుని దిద్దారని పిల్లలే చెప్పారు. మీ ప్రేమను శంకించను; కానీ నీటిరంగు పలుచని పొర, దాని కిందనుంచి కాగితం వెలగాలి, పైన మూతవేస్తే ఆ వెలుగు మళ్ళీ రాదు.

ఆ ముగ్గురికీ చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే మందపు కాగితాలు కొత్తగా ఇచ్చాము. శుక్రవారం మధ్యాహ్నం చిత్రలేఖనం గదిలో మళ్ళీ వేస్తారు. ఈసారి బొమ్మలను ఇంటికి పంపము. మీరే వచ్చి చూడండి.

భవదీయురాలు,
ప్రధానోపాధ్యాయిని