రే మిస్టీరియో ముసుగు గురించి సూర్యానికి

ప్రియమైన సూర్యం,

నువ్వూ, మీ ఇంటావిడా, పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. మేమిక్కడ క్షేమం. ఈమారు ఇంటి సంగతులు పక్కన పెట్టి ఒక్క విషయమే రాయాలని కూర్చున్నాను. మొన్న పాత ట్రంకు పెట్టె సర్దుతుంటే అడుగున మన కుస్తీ కార్డుల కట్ట దొరికింది. రబ్బరు బ్యాండు ముట్టుకోగానే పుటుక్కున తెగింది గానీ కార్డులు చెక్కుచెదరలేదు. అన్నిటికన్నా పైన ఉన్నది రే మిస్టీరియో. ఆ కార్డు చేతికి వస్తే నీ ముఖం ఎలా ముడుచుకునేదో నాకింకా గుర్తుంది. ఎత్తు చెప్పినా, బరువు చెప్పినా ఓడిపోయే కార్డు అది. అయిదడుగుల ఆరంగుళాల మనిషి ఏడడుగుల మల్లుడు బిగ్ షో ముందు ఏం నిలుస్తాడు! అందుకే సందు దొరికితే దాన్ని నాకు అంటగట్టి చేతులు దులుపుకునేవాడివి.

ఆ కార్డు పుణ్యమా అని వారం రోజులుగా అతని పాత పోటీలు వెతికి చూస్తున్నాను. అతను తొడిగే ఆ ముసుగును మనం పగటివేషగాడి రంగులాంటిదని అనుకున్నాం కదా, అది ఎంత పొరపాటో ఇప్పుడు తెలిసి వచ్చింది.

అతని అసలు పేరు ఆస్కార్ గుటియెరెజ్. 1974లో కాలిఫోర్నియాలోని చూలా విస్టాలో పుట్టాడు. పుట్టుకతో అమెరికా పౌరుడే అయినా, విద్య నేర్చింది మాత్రం సరిహద్దుకు అవతల మెక్సికోలో ఉన్న టిహువానాలో, అప్పటికే రే మిస్టీరియో పేరుతో గోదాలో పేరు మోసిన తన ఇంటి పెద్ద దగ్గర. పద్నాలుగేళ్ల వయసులో, 1989లో తొలిసారి బరిలోకి దిగినప్పుడు అతనికి ఆ పేరు దక్కలేదు. మొదట ఆకుపచ్చ బల్లి, ఆ తరువాత తేనెపిట్ట అనే అర్థం వచ్చే పేర్లతో ఆడాడు. యోగ్యుడని నమ్మకం కుదిరాకే పెద్దాయన తన పేరును ఇతనికి ఇచ్చాడు. స్పానిష్‌లో ఆ పేరుకు రహస్య రాజు అని అర్థం. మన సంగీతంలో గురువు పేరు శిష్యుడి ఇంటిపేరైపోవడం చూశాం గానీ, కుస్తీలోనూ అటువంటిది ఉందని నేను ఊహించలేదు.

మెక్సికోవాళ్లు తమ కుస్తీని లూచా లిబ్రే అంటారు. 1933లో సాల్వడోర్ లుటెరోత్ అనే ఆయన మెక్సికో నగరంలో దానికి ఒక సంస్థ ఏర్పాటు చేశాడు. ముసుగు అజ్‌టెక్ యోధుల కాలం నుంచి వచ్చిందని చాలామంది గొప్పగా చెబుతారు కానీ, నేను చదివినంతలో అది 1934 ప్రాంతంలో అమెరికా నుంచి వచ్చిన ఒక ముసుగు మల్లుడితో మొదలైంది. అతనికి ముసుగు కుట్టి ఇచ్చినవాడు మల్లయోధులకు బూట్లు కుట్టే ఆంతోనియో మార్తీనెస్. ఈ సంగతి తెలిశాక నాకు గౌరవం పెరిగిందే గానీ తగ్గలేదు. పొరుగు నుంచి వచ్చిన గుడ్డముక్కను ఒక్క తరంలోనే ఇంటి పరువుగా మార్చుకున్నారు కదా! అక్కడ ముసుగును పందెం కాసి పోరాడతారు. ఓడినవాడు అందరి ముందూ దాన్ని విప్పి, తన అసలు పేరు చెప్పి, ఇక ఎన్నటికీ దాన్ని తొడగకూడదు.

ఎల్ సాంతో అనే వెండి ముసుగు వీరుడి కథ వింటే దాని విలువ నీకు తెలుస్తుంది. 1942 నుంచి నలభై ఏళ్లు గోదాలో ఉన్నాడు, యాభైకి పైగా సినిమాలు చేశాడు, అంతకాలమూ ముఖం దాచే ఉంచాడు. 1984 జనవరిలో ఒక టీవీ కార్యక్రమంలో ముసుగును కాస్త పైకెత్తి ముఖంలో కొంత భాగం చూపించాడు. ఫిబ్రవరి 5న గుండెపోటుతో పోయాడు. ముసుగుతోనే సమాధి చేశారు.

ఇప్పుడు అసలు పోటీకి వస్తాను. 1997 అక్టోబర్ 26న లాస్ వేగాస్‌లో రే మిస్టీరియోకూ, ఎడ్డీ గెరెరోకూ జరిగింది. ఎడ్డీ పక్కన బిరుదు, రే పక్కన ముసుగు పందెం. ఊదారంగు దుస్తులకే ముసుగు కలిసి ఉండేలా కుట్టించుకుని వచ్చాడు రే. ఎడ్డీ పట్టు దొరికినప్పుడల్లా బిరుదు సంగతి మరిచి ఆ గుడ్డను వేళ్లతో చీల్చడం మొదలుపెడతాడు. చిరుగులోంచి కుర్రవాడి చర్మం కనపడుతుంటే, అది నటన అని తెలిసి కూడా నాకు లోపల చివుక్కుమన్నది. ఆ ఎడ్డీ ఎవరనుకున్నావు? ఎల్ సాంతోకు జోడీగా ఆడిన గోరీ గెరెరో కొడుకు! ముసుగు విలువ ఇంట్లోనే తెలిసినవాడు దాన్ని చీలుస్తున్నాడన్నమాట. ఆ రాత్రి రే గెలిచాడు.

గెలిచి ఏం లాభం? 1999 ఫిబ్రవరి 21న ఓక్లండ్‌లో జరిగిన పోటీలో, అతను అప్పుడు ఆడుతున్న అమెరికా కుస్తీ కంపెనీవాళ్లు అతను ఓడేలా చేసి ముసుగు తీయించేశారు. ఆ నిర్ణయం తనకు ఇష్టం లేదని అతనే తరువాత చెప్పాడు. విప్పిన ముఖం చూస్తే మీసాలు కూడా సరిగా రాని పసివాడిలా ఉంటాడు. ముసుగులో ఉన్న వయసూ, బరువూ ఒక్క క్షణంలో రాలిపోయాయి. నాకు కోపం వచ్చింది అతను ఓడినందుకు కాదు, పోయినదేమిటో అక్కడ గెలిచినవాళ్లకు తెలియనందుకు.

2002లో డబ్ల్యూడబ్ల్యూఈ అనే మరో అమెరికా కుస్తీ కంపెనీలోకి వస్తూ అతను మళ్లీ ముసుగు తొడిగాడు. మన కార్డు మీద ఉన్నది ఆ రెండో జన్మ బొమ్మే. ఆచారం ప్రకారం అది తప్పని అనేవారు ఉండవచ్చు, ఆ వాదనలో పస లేదని నేను అనను. కానీ పందెంలో పోగొట్టుకోవడం వేరు, జీతమిచ్చేవాళ్లు లాగేసుకోవడం వేరు అని నా అభిప్రాయం. పొట్ట మీద పెద్ద అక్షరాలతో మెక్సికన్ అని పచ్చబొట్టు వేయించుకున్న మనిషి ఊరకుంటాడా? తాళ్ల మధ్య గిర్రున తిరిగి తన్నే ఆ దెబ్బకు 619 అనే పేరు కూడా అతను పెరిగిన శాన్ డియెగో ప్రాంతపు ఫోన్ కోడే. మనం అదేదో మంత్రం అనుకుని పెరట్లో బట్టల తీగ పట్టుకుని ఊగాం, తీగ తెగాక మీ అమ్మగారు నిన్నొక్కడినే తిట్టారు.

2005 నవంబర్‌లో ఎడ్డీ హఠాత్తుగా చనిపోయాడు. మరుసటి జనవరిలో, ఒకరి తరువాత ఒకరుగా మల్లులు దిగి చివరికి ఒక్కడే మిగిలే రాయల్ రంబుల్ పోటీకి రెండోవాడిగా దిగిన రే గంటకు పైగా నిలిచి గెలిచి, ఆ గెలుపును అతనికి అంకితమిచ్చాడు. ఏప్రిల్ 2న, ఆ కంపెనీ ఏటా జరిపే అతి పెద్ద కుస్తీ ప్రదర్శన రెసిల్‌మేనియాకు ఈకల కిరీటంతో, అజ్‌టెక్ రాజులా నడిచి వచ్చాడు. పోటీ పట్టుమని పది నిమిషాలు సాగలేదు, ప్రపంచ బిరుదు మాత్రం ఆ చిన్న మనిషి నడుముకు చేరింది. 2023లో డబ్ల్యూడబ్ల్యూఈవాళ్లు అతన్ని తమ గొప్ప మల్లుల జాబితా అయిన హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. అతనికి పేరిచ్చిన పెద్దాయన 2024 డిసెంబర్‌లో కన్నుమూశారు.

బరిలోకి వచ్చేటప్పుడు అతను చేసే ఒక పని మనం చిన్నప్పుడు గమనించనే లేదు. కంచె దగ్గర తన ముసుగు పెట్టుకున్న పిల్లలను వెతికి, వంగి, వాళ్ల నుదుటికి తన నుదురు ఆనిస్తాడు. రెండు ముసుగులూ ఒక్క క్షణం తాకి విడిపోతాయి. పిల్లవాడు కదలకుండా నిలబడిపోతాడు. ఆ ముక్కను నేను నాలుగుసార్లు వెనక్కు తిప్పి చూశాను.

కార్డును ఈ ఉత్తరంలోనే పెట్టి పంపుతున్నాను. దయచేసి మళ్లీ నాకే అంటగట్టకు.

నీ,
మురళి