అమెరికాలో తుపాకీతో రాష్ట్రం దాటేవారికి చట్టం ఇస్తున్న రక్షణ ఎంత?

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో స్థిరపడిన తెలుగువారిలో దొంగల భయంతోనో, షూటింగ్ రేంజ్‌లో మొదలైన ఆసక్తితోనో తుపాకీ కొనుక్కున్నవారు ఇప్పుడు అరుదేమీ కాదు. కొనేటప్పుడు దుకాణంవారే ఫారాలు నింపించి నేపథ్య తనిఖీ చేయిస్తారు కాబట్టి ఆ దశలో పొరపాటుకు తావు తక్కువ. అసలు చిక్కు ఆ తుపాకీని కారులో పెట్టుకుని ఇల్లు మారేటప్పుడో, సెలవులకు మరో రాష్ట్రం వెళ్లేటప్పుడో ఎదురవుతుంది. డ్రైవింగ్ లైసెన్సు దేశమంతటా చెల్లినట్టే తుపాకీ పర్మిట్ కూడా చెల్లుతుందనుకునేవారు మనలో చాలామంది ఉన్నారు. అది నిజం కాదు. ఏ రాష్ట్రం ఎవరి పర్మిట్‌ను గుర్తించాలో ఆ రాష్ట్రమే నిర్ణయించుకుంటుంది. న్యూయార్క్ అయితే ఇతర రాష్ట్రాల పర్మిట్ దేన్నీ గుర్తించదు.

ఈ పరిస్థితిలో ప్రయాణికుడికి కొంత ఆసరాగా ఉన్నది 1986లో అధ్యక్షుడు రొనాల్డ్ రీగన్ సంతకం చేసిన తుపాకీ యజమానుల రక్షణ చట్టం. తుపాకీ ఉంచుకోవడానికీ, వెంట తీసుకెళ్లడానికీ మీకు చట్టబద్ధమైన హక్కున్న చోటు నుంచి, అదే హక్కున్న మరో చోటికి వెళుతున్నప్పుడు, మధ్యలోని రాష్ట్రాల చట్టాలు ఎంత కఠినంగా ఉన్నా ఈ చట్టం మిమ్మల్ని కాపాడుతుంది. అయితే తుపాకీలో తూటాలు ఉండకూడదు. తుపాకీ గానీ తూటాలు గానీ సీట్లలో కూర్చున్నవారి చేతికి అందేలా ఉండకూడదు. విడిగా డిక్కీ లేని వాహనమైతే రెండింటినీ తాళం వేసిన పెట్టెలో ఉంచాలి. డ్యాష్‌బోర్డు అరకూ, ముందు సీట్ల మధ్యనుండే కన్సోల్‌కూ తాళం ఉన్నా సరే, వాటిని ఆ పెట్టె కింద లెక్కించరు. మన కుటుంబాలు ఎక్కువగా వాడే ఎస్‌యూవీలు, మినీవ్యాన్లలో వెనుక సామాను పెట్టే భాగం సీట్లకు కలిసే ఉంటుంది గనుక ఈ పెట్టె నిబంధననే ముఖ్యంగా గుర్తుంచుకోవాలి. తుపాకీని పెట్టెలో భద్రపరిచి, తూటాల డబ్బాను సీటు కింద పడేసినా షరతు తప్పినట్టే.

ఈ రక్షణ ప్రయాణానికే గాని మజిలీకి కాదన్న సంగతి ఇంకా తక్కువమందికి తెలుసు. యూటా రాష్ట్రానికి చెందిన ఒక ప్రయాణికుడు 2005లో న్యూజెర్సీ రాష్ట్రంలోని నెవార్క్ విమానాశ్రయంలో తర్వాతి విమానం అందక, తుపాకీ ఉన్న తన పెట్టెను తీసుకుని ఆ రాత్రి హోటల్‌లో ఉండవలసి వచ్చింది. మర్నాడు విమానాశ్రయానికి వచ్చి నిబంధనల ప్రకారం తానే తుపాకీ సంగతి చెప్పగా పోలీసులు అరెస్టు చేశారు. ఆ తర్వాత అభియోగాలు ఎత్తివేసినా, నష్టపరిహారం కోసం ఆయన వేసిన దావా మాత్రం 2010లో ఫిలడెల్ఫియాలోని మూడో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టులో నిలవలేదు. రాత్రంతా ఆ పెట్టె ఆయన చేతికి అందేలా ఉంది కాబట్టి పైన చెప్పిన ఫెడరల్ (కేంద్ర) చట్టం వర్తించదని న్యాయమూర్తులు తేల్చారు. ఆయన నిజాయితీని ఎవరూ శంకించలేదు. చట్టంలోని మాటలు ఆయనను ఆదుకోలేదు, అంతే. వర్జీనియా నుంచి న్యూహాంప్‌షైర్‌కు ఒక్కరోజులో చేరుకోలేక దారిలో న్యూజెర్సీలో రాత్రి బస చేసే కుటుంబం ఈ తీర్పును పట్టించుకోక తప్పదు. హోటల్ బస గురించి, పెట్రోలు కోసం ఆగడం గురించి చట్టంలో ఒక్క ముక్కైనా లేకపోవడం నా దృష్టిలో పెద్ద లోపం. పర్మిట్లు దేశమంతటా చెల్లేలా చేసే బిల్లు 2017 డిసెంబరులో ప్రతినిధుల సభలో నెగ్గినా సెనేట్‌లో ముందుకు సాగలేదు. దానిపై ఎన్ని విభేదాలున్నా, దారిలో ఆగడం నేరం కాదని స్పష్టం చేసే చిన్న సవరణను అడ్డుకోవడానికి కారణం నాకు కనిపించదు.

న్యూజెర్సీలో తప్పు జరిగితే మూల్యం ఎంతటిదో చెప్పడానికి 2013 నాటి మరో కేసు చాలు. ఫిలడెల్ఫియాకు చెందిన ఒక మహిళ పెన్సిల్వేనియా పర్మిట్ అక్కడా చెల్లుతుందనే నమ్మకంతో తూటాలు నింపిన తుపాకీతో వెళ్లి, ట్రాఫిక్ పోలీసు ఆపినప్పుడు తానే ఆ సంగతి చెప్పింది. కనీసం మూడున్నరేళ్ల జైలు తప్పనిసరి చేసే అభియోగాన్ని ఆమె ఎదుర్కొంది. చివరికి 2015లో గవర్నర్ క్రిస్ క్రిస్టీ క్షమాభిక్ష పెట్టారు. న్యూజెర్సీ, న్యూయార్క్ రాష్ట్రాల్లో పదికి మించి తూటాలు పట్టే మ్యాగజైన్లపై (తుపాకీలో తూటాలు అమర్చే అరలపై) నిషేధం ఉందని కూడా గుర్తుంచుకోవాలి. జీపీఎస్‌ను గుడ్డిగా నమ్మకూడదు: డెట్రాయిట్ నుంచి బఫెలోకు అది చూపే దగ్గరి దారి కెనడా మీదుగా పోతుంది, అమెరికా ఫెడరల్ చట్టం అక్కడ పనికిరాదు.

ఇక నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది వీసాల సంగతి. హెచ్‌-1బి, హెచ్‌-4, ఎఫ్‌-1 వంటి తాత్కాలిక వీసాలపై ఉన్నవారు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడమే ఫెడరల్ నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులు ఉన్నా, మన ఉద్యోగుల్లో, విద్యార్థుల్లో అవి వర్తించేవారు బహు తక్కువ. పిల్లలను చూడటానికి సందర్శక వీసాపై వచ్చే తల్లిదండ్రులకూ ఇదే నిబంధన. స్నేహితుడి తుపాకీ డిక్కీలో ఉందని తెలిసీ అతని కారు నడిపితే అది తన స్వాధీనంలో ఉన్నట్టేనన్న వాదనను ఎదుర్కోవలసి రావచ్చు. గ్రీన్‌కార్డు ఉన్నవారు తుపాకీ ఉంచుకోవచ్చు, కానీ తుపాకీ నేరంలో శిక్ష పడితే ఇమిగ్రేషన్ చట్టం ప్రకారం వారిని దేశం నుంచి పంపేయడానికి అదొక్కటే చాలు. కొన్ని నేరాల విషయంలో గవర్నర్ క్షమాభిక్షతో బహిష్కరణ తప్పే వీలుంది, తుపాకీ నేరాలకు ఆ వెసులుబాటు కూడా ఇవ్వలేదు.

పన్నుల మీద, వీసాల మీద సదస్సులు పెట్టే తెలుగు సంఘాలు ఈ విషయంపైనా న్యాయవాదులతో మాట్లాడించాలని, మీ పత్రిక ప్రవాసుల పేజీలో దీనికి చోటివ్వాలని కోరుతున్నాను. ఇల్లు మారేవారు గమ్య రాష్ట్రంలో ఆ తుపాకీకి ముందుగా లైసెన్సు కావాలేమో అక్కడి పోలీసు శాఖ వెబ్‌సైట్‌లో చూసుకోవాలి, సందేహం తీరకపోతే కారులో తీసుకెళ్లకుండా లైసెన్సున్న డీలరు ద్వారా అక్కడి డీలరుకు పంపించుకునే మార్గం ఉంది.

భవదీయుడు,
ఒక పాఠకుడు, వర్జీనియా, అమెరికా